రైలు స్టేషన్లు, వాటి కట్టడాలు - భీమవరం నుంచి మదీనా దాకా

రైలు స్టేషన్ అనగానే మనకు గుర్తొచ్చేవి టిక్కెట్ల కిటికీ, కూలీల కేకలు, ఆలస్యంగా వచ్చే బండి. ఆ కట్టడాన్ని తలెత్తి చూసే తీరిక ఎవరికీ వుండదు. సామాను దించుకోవాలి, పిల్లల్ని లెక్కపెట్టుకోవాలి, ఆటోవాడితో బేరమాడాలి. ఈ యేడు సావనీరుకు ఒక చరిత్ర వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు, రాజులూ యుద్ధాలూ ఎలాగూ పాఠ్యపుస్తకాల్లో వున్నాయి గదా, మనం రోజూ చూస్తూ చూడని ఈ కట్టడాల సంగతి రాద్దాం అనుకున్నాం. ఇందులో మనవాళ్ళ పాలు కూడా కొంత వుంది. అది ముందుకు పోయిన కొద్దీ పాఠకులకే తెలుస్తుంది.

మొదట మన ముంగిలి సంగతి. 1893-96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా ఈస్టుకోస్టు రైలుమార్గం తెరిచారు. అది ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు మీదుగా మెరక నేల చూసుకుని పోయింది. పల్లపు డెల్టాలో వున్న భీమవరాన్ని ముట్టుకోలేదు. గుడివాడ నుంచి భీమవరానికి మీటరుగేజి లైను వచ్చింది 1928లో. అంటే మెయిన్ లైను వచ్చాక ముప్ఫై యేళ్ళు పైనే ఆగాల్సి వచ్చిందన్నమాట. అప్పటిదాకా మన తాతలకు కాలవే రోడ్డు, పడవే బండి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలవల్లో ధాన్యం పడవలూ, జనం పడవలూ తిరిగేవి. పొద్దుగూకే వేళ పడవెక్కి పడుకుంటే తెల్లవారేసరికి వూరు వచ్చేదని పెద్దలు చెప్పగా విన్నవాళ్ళు మనలో ఇంకా వున్నారు. ఆ మీటరుగేజి లైనే 1960లలో బ్రాడ్‌గేజి అయింది. ఈమధ్య విజయవాడ - గుడివాడ - భీమవరం - నరసాపురం, గుడివాడ - మచిలీపట్నం, భీమవరం - నిడదవోలు మార్గాలన్నీ కలిపి 221 కిలోమీటర్ల మేర రెండో లైనూ, కరెంటు తీగెలూ వచ్చాయి.

మన వూరికి స్టేషన్లు రెండు: టౌను, జంక్షను. కొత్తగా వచ్చే చుట్టాలు ఒకదాని బదులు ఇంకొకదానిలో దిగి, "మీరెక్కడున్నారండీ?" అని ఫోను చేయడం ప్రతి పెళ్ళికీ జరిగే తంతు. ఈ రెండింటిలో దేనికీ గుమ్మటం లేదు, మినారు లేదు, చెప్పుకోదగ్గ కమాను లేదు. అందుకు సిగ్గుపడాల్సిన పని లేదని మా అభిప్రాయం. డెల్టా నేల సంగతి మనకు తెలియనిదా? నల్లమన్ను, వానకు వుబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. ఇక్కడ రాయి లేదు. మామూలు ఇంటి పునాదికే రాళ్ళు మెరక ప్రాంతం నుంచి రావాలి. అలాంటి చోట ఇంజనీరు తన ఖర్చంతా కట్టడం మీద పెట్టలేదు, కట్ట మీద పెట్టాడు. గుడివాడ నుంచి భీమవరం వస్తూ కిటికీలోంచి చూడండి. కైకలూరు దాటాక కొల్లేటి పల్లం, తర్వాత ఆకివీడు, వుండి. పొలాలూ చెరువులూ కిందుగా వుంటాయి, పట్టాలు ఎత్తున వుంటాయి. నాలుగడుగులకో తూము, మైలుకో వంతెన. వరద వచ్చినా నీళ్ళు ఆగిపోకుండా పోవాలి, బండీ పోవాలి. డెల్టా రైలు శిల్పమంతా ఆ కట్టలోనూ తూముల్లోనూ వుంది. స్టేషను మటుకు ఇటుక గోడలు, వాలు కప్పు, ముందొక వసారా. మన పాత ఇళ్ళకు అదే నమూనా.

ఈ చిన్న వంతెనలన్నిటికీ పెద్దన్న రాజమండ్రి దగ్గర వుంది. 1897 నవంబరులో మొదలుపెట్టి 1900 ఆగస్టు 30న తెరిచిన హేవలాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు గాని కట్టిన ఇంజనీరు వాల్టన్. 56 కమ్ములు, రాతి స్తంభాలు, ఇనుప గడ్డర్లు. అది లేని రోజుల్లో కొవ్వూరులో దిగి, గోదావరి దాటి, రాజమండ్రిలో మళ్ళీ బండెక్కాలి. నూరేళ్ళకు మూడేళ్ళు తక్కువగా పనిచేసి 1997లో అది విశ్రాంతి తీసుకుంది. పక్కనే 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెనా, 1997లో వచ్చిన విల్లు ఆకారం కాంక్రీటు వంతెనా పని చేస్తున్నాయి. సాయంత్రం పూట ఆ విల్లుల వరస నీళ్ళలో పడితే ఎంత పెద్ద స్టేషనైనా దాని ముందు దిగదుడుపే అని గోదావరి వాళ్ళమైన మేము అనడంలో పక్షపాతం వుందంటే వుండనివ్వండి.

ఇప్పుడు హైదరాబాదు పోదాం. అక్కడి స్టేషన్ల కథలో కట్టడం కంటే ముందు డబ్బు సంగతి వస్తుంది. వాడీ నుంచి సికింద్రాబాదుకు 1874లో నిజాం ఖర్చుతో లైను పడింది. దాన్ని బెజవాడ దాకా పొడిగించాలని తలపెట్టినప్పుడు 1883లో లండనులో ఒక కంపెనీ పెట్టారు. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు వడ్డీ తగ్గకుండా నిజాం ఖజానా హామీ వుండాలి. ఆ కంపెనీ పేరులోని "గ్యారంటీడ్" అనే మాటకు అర్థం అదే. హైదరాబాదులో చదువుకున్నవాళ్ళు దీన్ని వూరికే ఒప్పుకోలేదు. షరతులేమిటో జనానికి చెప్పండి, ఈ భారం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పండి అని అడిగారు. చాందా రైలు ఆందోళన అని చరిత్రలో పేరుపడింది ఇదే. సరోజినీ నాయుడు గారి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ గారిని ఇందుకోసమే నగరం నుంచి పంపించివేశారు. ఆయనతో కలిసి నిలబడినవారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు ఒకరు. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

ఆందోళన ఆగింది, రైలు ఆగలేదు. 1889లో బెజవాడ చేరింది. నాంపల్లి స్టేషను 1907లో, కాచిగూడ 1916లో వచ్చాయి. మన నరసాపురం బండి చాలాకాలం నాంపల్లికే పోయేది కాబట్టి భీమవరం వాళ్ళకు హైదరాబాదంటే ముందు కళ్ళబడేది ఆ స్టేషనే. కట్టడం మాటకొస్తే మాత్రం కాచిగూడకే మా ఓటు. నడుమ పెద్ద గుమ్మటం, రెండు పక్కలా చిన్న గుమ్మటాలు, వాటి వెంట మినార్లు. దూరం నుంచి చూస్తే ఏ నవాబుగారి దేవిడీయో అనుకుంటాం. ఘోషా పాటించే స్త్రీలు జనం మధ్య నుంచి నడిచే పని లేకుండా వేరే ఏర్పాటు కూడా అప్పట్లోనే చేశారు. నిజాం రైల్వేకు ముఖ్య కార్యాలయం చాలాకాలం అక్కడే వుండేది. లోపల నిలబడితే ఎండ తెలియదు. ఎత్తయిన కప్పు, మందమైన గోడలు, కమానుల గుండా వచ్చే గాలి. ఫ్యాన్ల లెక్క వేసుకోకుండా కట్టిన కట్టడం అది.

ఇంత అందంగా కట్టింది ఎవరు? నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టారు కాబట్టి ఏ మొగలాయి వంశపు ఉస్తాదో అనుకునేవారున్నారు. గీసినవాడు విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు. ఉస్మానియా ఆసుపత్రిలోనూ, హైకోర్టులోనూ ఆయన చెయ్యి వుంది. ఇదొక్కచోటే కాదు. గుమ్మటం కనబడగానే "ఇది ముస్లిముల కట్టడం" అనేవాళ్ళు మనలోనూ వున్నారు, బయటా వున్నారు. మనవాళ్ళు గర్వంతో అంటారు, బయట కొందరు ఇంకో రకంగా అంటారు. స్టేషన్ల చరిత్ర చూస్తే ఇద్దరి మాటా నిలవదు. 1857 తర్వాత మన దేశాన్ని ఏలిన ఇంగ్లీషువారికి, తాము మొగలుల వారసులమని చూపించుకోవాలనే కోరిక కలిగింది. అందుకని ఆఫీసులకూ, కోర్టులకూ, స్టేషన్లకూ కమానులూ ఛత్రీలూ జాలీలూ తగిలించి, లోపల మాత్రం తమ ఇనుప దూలాలూ తమ గడియారాలూ పెట్టుకున్నారు. ఇండో సారసెనిక్ అని దానికొక పేరు. సర్కారు ఎక్స్‌ప్రెస్సులో మద్రాసు పోయినవాళ్ళు చూసిన ఎగ్మూరు స్టేషను ఈ కోవలోదే. హెన్రీ ఇర్విన్ గీశాడు, 1908లో తెరిచారు, కంట్రాక్టరు సామినాద పిళ్ళె. సెంట్రల్ స్టేషను దానికంటే పాతది, 1873 నాటిది. గడియారం గోపురంతో ఎర్రగా కోటలా వుంటుంది.

బొంబాయి విక్టోరియా టెర్మినస్ సంగతి వేరు. ఫ్రెడరిక్ స్టీవెన్స్ ప్లానుతో 1878లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు. ఐరోపా చర్చీల గోథిక్ పద్ధతి మీద మన గుమ్మటం కూర్చోబెట్టారు. రాతి మీద నెమళ్ళూ, ఆకులూ, జంతువులూ చెక్కింది బొంబాయి కళాశాల విద్యార్థులు. 2004లో ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చారు. ఇప్పుడు దాని పేరు ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్. మన పెద్దవాళ్ళకు మాత్రం అది హజ్ దారి. ఓడలో హజ్ వెళ్ళే రోజుల్లో బొంబాయి దాకా రైలు, అక్కణ్ణుంచి జిద్దాకు సముద్రం. ఓడ ప్రయాణాలు 1995లో ఆగిపోయాయి. అంతవరకూ ఇక్కడ ప్లాట్‌ఫారం మీద పూలదండలు వేసి, ఒకరికొకరు తప్పులు మాఫు చేయించుకుని, దువా చేసి సాగనంపేవారు. తిరిగి వస్తారో రారో అనే ప్రయాణం అది. వేడుకా దుఃఖమూ ఒకేచోట జరిగిన ప్లాట్‌ఫారాలవి.

లాహోరు స్టేషను కథ ఇంకా చిత్రం. 1857 గొడవలు చల్లారిన రెండేళ్ళకు పునాది వేశారు. మళ్ళీ తిరుగుబాటు వస్తే అందులోనే దాక్కుని యుద్ధం చేయాలని బురుజులు కట్టి, గోడల్లో తుపాకులు పెట్టే కన్నాలు వుంచారు. రైళ్ళు వచ్చే ద్వారాలకు బరువైన ఇనుప తలుపులు బిగించేట్టు చేశారు. టిక్కెట్టు కొనుక్కునే చోట ఫిరంగి కోట! కంట్రాక్టు చేసింది మియా ముహమ్మద్ సుల్తాన్ అనే లాహోరు పెద్దమనిషి. గీయించినవాడు ఇంగ్లీషువాడు, కట్టించినవాడు ముస్లిము, ఎవరి మీద అనుమానంతో కట్టారో వాళ్ళే దాని గుండా నూరేళ్ళకు పైగా ప్రయాణం చేశారు. దీన్ని ఎవరి కట్టడమంటాం?

మన తెలుగువాళ్ళు సముద్రం దాటి పోయిన చోట్ల కూడా చూడదగ్గ స్టేషన్లున్నాయి. కాకినాడలో ఓడెక్కి రంగూను పోయిన కూలీలూ మేస్త్రీలూ ఎందరో. అప్పటి రంగూను స్టేషను రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమైంది. స్వతంత్రం వచ్చాక ఊ టిన్ అనే బర్మా ఇంజనీరు చేత కొత్తది కట్టించుకుని 1954లో తెరిచారు. అంతస్తులంతస్తులుగా పైకి లేచే బర్మా ప్యాగోడా కప్పులతో వుంటుంది. తమ దేశం తమదయ్యాక తమ కప్పు పెట్టుకున్నారు. మలయాలో కౌలాలంపూరు స్టేషను తెల్లగా, గుమ్మటాలతో, అరేబియన్ కథల్లో మేడలా వుంటుంది. 1910లో హబ్బక్ అనే ఇంగ్లీషువాడు గీశాడు. ఆ వూళ్ళో రెండు నదులు కలిసేచోట వున్న జామె మసీదును కూడా అంతకు ముందేడాది ఆయనే గీశాడు. రబ్బరు తోటలకు పోయిన తెలుగువాళ్ళు దిగిన స్టేషనుల్లో అదొకటి. 2001లో రైళ్ళను చాలావరకు సెంట్రల్ అనే కొత్త స్టేషనుకు మార్చారు. పాతదాన్ని పడగొట్టలేదు.

ఇస్తాంబుల్లో హైదర్‌పాషా స్టేషను సముద్రం ఒడ్డునే వుంది. నావ దిగితే రైలు. ఇరవయ్యో శతాబ్దం తొలి యేళ్ళలో జర్మనులు కట్టారు. ఖలీఫా రాజధానిలో గుమ్మటం లేని జర్మను మేడ, ఇంగ్లీషువాళ్ళేలే కౌలాలంపూరులో గుమ్మటాల మేడ. చూశారా తమాషా! 2010 నవంబరులో మంటలంటుకుని దాని పైకప్పు కాలిపోయింది.

ఇక హిజాజ్ రైలు. ఈ వ్యాసం రాయడానికి మాకు అసలు కారణం ఇదే.

1900లో సుల్తాన్ అబ్దుల్ హమీద్ దమాస్కస్ నుంచి మదీనా మీదుగా మక్కా దాకా రైలు వేయాలని ప్రకటించాడు. ఒంటెల మీద సుమారు నలభై రోజులు పట్టే దారి అది. నీళ్ళు లేవు, దోపిడీలు వున్నాయి. ఐరోపా బ్యాంకుల దగ్గర అప్పు తీసుకుంటే రైలు వాళ్ళదవుతుంది కాబట్టి లోకమంతటా వున్న ముస్లిముల దగ్గర చందా అడిగారు. ఈజిప్టు నుంచీ, మన హిందూస్తానం నుంచీ, ఎక్కడెక్కణ్ణుంచో డబ్బు వెళ్ళింది. హైదరాబాదులో ఈ చందా కోసం పాటుపడినవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు. 1883లో చాందా రైలుకు ఎదురు నిలిచిన మనిషి, ఇరవై యేళ్ళు గడవకుండా హిజాజ్ రైలుకు చందా వసూలు చేశారు. చాందా వద్దన్నారు, చందా ఇమ్మన్నారు అని చమత్కారానికి అనుకోవచ్చు గాని ఇందులో తికమక ఏమీ లేదు. మొదటి దానిలో జనం సొమ్ము హామీగా పెట్టి పరాయి వాటాదారులకు వడ్డీ కట్టాలి, లెక్కలు అడగకూడదు. రెండోదానిలో ఇచ్చేవాడు ఇష్టపడి ఇస్తాడు, వడ్డీ లేదు, వాటాదారు లేడు. కాంగ్రెసు సభలను బాహాటంగా సమర్థించిన ముస్లిము పెద్దల్లో కూడా ఆయన ఒకరు. 1906లో కాలం చేశారు. రైలు మదీనా చేరడం చూడలేదు.

చేరింది 1908లో. సుమారు 1,300 కిలోమీటర్లు. పనిలో ఎక్కువ భాగం తుర్కీ సైనికులే చేశారు. మక్కా దాకా ఎన్నడూ పోలేదు. దమాస్కస్‌లో స్టేషను భవనం 1913లో పూర్తయింది. దాన్ని గీసింది అరండా అనే స్పెయిను దేశస్థుడు. లోపల చెక్క మీద చేసిన రంగుల పనితనం, రంగుటద్దాల కిటికీలు, మేడ మీద చుట్టూ వసారా. మదీనా స్టేషను నల్లరాతి కట్టడం, గుండ్రని కమానుల వరస, దాని పక్కనే అంబరియా మసీదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వంతెనలు పేల్చారు, పట్టాలు పీకారు. మదీనా వైపు రైలు ఆ దెబ్బకు మళ్ళీ లేవలేదు. వూరూరా జోలె పట్టి కట్టిన రైలు పదేళ్ళు నడిచింది. ఇప్పుడు మదీనా స్టేషను మ్యూజియం. ఈమధ్య హజ్‌కో ఉమ్రాకో వెళ్ళి వచ్చిన మనవాళ్ళు మక్కా నుంచి మదీనాకు హరమైన్ రైలులో వెళ్ళి వుంటారు. 2018లో అది మొదలైంది, దూరం 450 కిలోమీటర్లు. ఆ కొత్త స్టేషన్లకు కూడా కమానులే పెట్టారు. మక్కాకు బంగారు రంగు, మదీనాకు ఆకుపచ్చ. ఈసారి వెళ్ళేవాళ్ళు వీలు చూసుకుని ఆ పాత నల్లరాతి స్టేషను కూడా చూసి రండి. అందులో దక్కను నుంచి వెళ్ళిన అణాలు కూడా వున్నాయి.

మళ్ళీ మన దేశానికి వద్దాం. సికింద్రాబాదు స్టేషను ముందు కోట గుమ్మంలాంటి కమానుల ముఖద్వారం వుండేది. మనలో దాని ముందు నిలబడి ఫోటో దిగనివాళ్ళు తక్కువ. కొత్త స్టేషను కోసం 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది, 2025 ఫిబ్రవరిలో ఆ కమానులు పడగొట్టారు. జనం పెరిగారు, లిఫ్టులు కావాలి, ఎస్కలేటర్లు కావాలి, అదంతా నిజమే. ముసలివాళ్ళు వంతెన మెట్లెక్కలేక పడే అవస్థ మనమూ చూస్తున్నాం. కాని కౌలాలంపూరు వాళ్ళు కొత్తది వేరేచోట కట్టి పాతదాన్ని వుంచుకున్నారు గదా. ముఖం వుంచి వెనక పెంచుకునే వీలు లేకపోయిందా అని మా ప్రశ్న.

ఇది సికింద్రాబాదుతో పోయేది కాదు. 2023 ఆగస్టు 6న దేశమంతటా 508 స్టేషన్లను అమృత్ భారత్ పథకం కింద బాగుచేయడానికి శంకుస్థాపన చేశారు. వాటిలో మన భీమవరం టౌను కూడా వుంది. ఇప్పుడు మనది జిల్లా కేంద్రం, స్టేషను బాగుపడాల్సిందే. అయితే ఒకే రకం అద్దాలూ, ఒకే రకం రేకులూ దేశమంతా పరిస్తే, బండి దిగినవాడికి బోర్డు చదివితేగాని ఏ వూరో తెలియదు. మనకు గుమ్మటమే కావాలని ఎవరూ అడగడం లేదు. డెల్టా వానకు తగిన పెద్ద చూరు, ఎండకు తగిన వసారా, కూర్చోడానికి అరుగులు, ఇవి మన పాత ఇళ్ళలో వున్నవే. ప్లాను గీసేవాళ్ళకు ఇవి చెప్పుకోవడం వూరివాళ్ళ పని.

ఇంకా కట్టని స్టేషన్లు కూడా మనకు దగ్గరలో వున్నాయి. కాకినాడ - కోటిపల్లి లైను మన లైనుతో పాటే 1928లో వచ్చింది. 1940లో యుద్ధం అవసరాలకని దాని పట్టాలు పీకి పట్టుకుపోయారు. అరవై యేళ్ళు దాటాక, 2004లో మళ్ళీ వేశారు. దాన్ని కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి కలపాలని మంజూరైన లైనుకు గోదావరి పాయల మీద వంతెనల స్తంభాలు లేచాయి. అది పూర్తయితే కోనసీమలో కొబ్బరితోటల మధ్య అరడజనుకు పైగా కొత్త స్టేషన్లు కట్టాలి. భీమవరం మీటరుగేజి రోజుల నాటి ఫోటోలుగాని, పాత టిక్కెట్లుగాని, ఓడ హజ్‌కు వెళ్ళిన పెద్దలను స్టేషనులో సాగనంపినప్పుడు తీసిన చిత్రాలుగాని సభ్యుల ఇళ్ళలో వుంటే దయచేసి సొసైటీ ఆఫీసుకు ఒక్కసారి తెచ్చి చూపించండి. నకలు తీసుకుని అసలు తిరిగి ఇచ్చేస్తాం.